ఎవరి మైల

బుధవారం పొద్దున సరిగ్గా పది గంటలకు సంహిత నా ఆఫీసుకు వచ్చింది. టైముకు వచ్చే క్లయింట్లంటే నాకు మొదటినుంచీ అనుమానమే. ఇంట్లో మనిషి కనబడకుండా పోయి నాలుగు రోజులైనవాళ్ళు గడియారం చూసుకుని రారు. కానీ ఈ అమ్మాయి కాలేజీలో లెక్చరర్, అలవాటు అయ్యుంటుందని సర్దిచెప్పుకుని కుర్చీ చూపించాను.

నా ఆఫీసు అబిడ్స్‌లో ఒక గడియారాల దుకాణం మీద ఉంది. మెట్లెక్కి వచ్చేవాళ్ళలో ముప్పాతికమంది పెళ్ళి ఎంక్వయిరీల వాళ్ళే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి ఇదివరకు ఎవరైనా ఉన్నారా, ఇవే ప్రశ్నలు. పద్దెనిమిదేళ్ళుగా ఇంకొకరి ఇంటి గుట్టు తవ్వి బతుకుతున్నాను. గొప్ప పనేం కాదు. మనిషి తప్పిపోయిన కేసు ఏడాదికి ఒకటి వస్తే ఎక్కువ. అందుకే సోమవారం సాయంత్రం ఈ కేసు రాగానే పట్టుకున్నాను.

సంగతి ఇది. సంహిత తండ్రి సదాశివకు అరవై ఒక్కేళ్ళు. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు బొగ్గులకుంటలో. ప్రతి ఆదివారం తొమ్మిదీ యాభైకి బయల్దేరి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరికి వెళతాడు. ఒంటిగంటన్నరకు ఒక పుస్తకం పట్టుకుని భోజనానికి వస్తాడు. మొన్న ఆదివారం బయల్దేరాడు గానీ తిరిగి రాలేదు. ఆయన ఫోను పన్నెండూ నలభై ఐదుకు ఆగిపోయింది.

కింది దుకాణం సేటు పంపిన గుడి లడ్డూ బల్ల మీద ఉంటే సంహిత వైపు జరిపాను.

"వద్దు మేడం. మా ఇంట్ల మైల."

"ఎవరు పోయిన్రు?"

"ఊర్ల పాలోళ్ళు ఎవరో. నేను గివన్నీ పట్టించుకోను గానీ, అమ్మకు తెలిస్తే ఫికర్ చేస్తది."

పాలోళ్ళంటే ఒకే ఇంటిపేరు దాయాదులు. వాళ్ళలో ఎవరు పోయినా కొన్నాళ్ళు గుడి ప్రసాదం ముట్టుకోరు. లడ్డూ నేనే తిన్నాను. నోట్‌బుక్‌లో ఏమీ రాసుకోలేదు.

"ఆదివారం పది నుంచి పన్నెండున్నర దాంక నువ్వు యాడున్నవ్?"

"టైలర్ దగ్గర. గీ వెనక గల్లీలనే. పెళ్ళి జాకెట్లు కుట్టడానికిచ్చిన."

మాట చకచకా వచ్చింది. అడిగితే ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకున్నట్టు అనిపించింది. అది రాసుకున్నాను.

"నువ్వు సోమవారం నాకు ఒక సంగతి దాచినవ్. నిన్న ఆటోవాళ్ళను అడిగిన. మీ నాయనకు ఇంకో ఇల్లున్నది."

సంహిత మొహం పెద్దగా మారలేదు. చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ ఎవరిదో కథ చెప్పినట్టు చెప్పింది.

"నాకు పద్దెనిమిదేండ్లప్పుడు ఒక ఆదివారం బాపు వెనకాల్నే పోయిన. ఇద్దరం కలిసి పుస్తకాలు చూద్దామని. గాడ బాపు లేడు. పుస్తకాలాయనను అడిగితే నవ్విండు. సదాశివ సార్ నాలుగు నెలలకోసారి వస్తడు, పదిహేను పుస్తకాలు ఒక్కసారే మూట కట్టించుకొని పోతడు, మిగిలిన ఆదివారాలు గీడ ఆటో ఎక్కుడే అన్నడు."

"పదిహేను పుస్తకాలు, పదిహేను ఆదివారాలు."

"ఔ. నేను చిన్నప్పుడు దిండు కింద పెట్టుకొని చదివిన ప్రతి పుస్తకం ఆమె ఇంటికాడ నుంచి వచ్చింది మేడం. ఆ దినం నుంచి ఒక్కటి గూడ తెరవలేదు. ఆయన తెస్తడు, నేను మంచిగున్నది బాపూ అంట, షెల్ఫ్‌ల పెడత. పద్నాలుగేండ్ల సంది గిదే నడుస్తున్నది."

"ఎవరికి చెప్పినవ్?"

"సుశాంత్‌కు. అప్పుడు వాడికి పద్నాలుగు. చెప్పకపోతే బాగుండు. ఆ దినం నుంచి వాడు బాపును బాపు అని పిలువలేదు."

"అమ్మకు?"

"తెలుసనే అనుకుంట. ఎవ్వరం అడగలేదు." తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది. "మేడం, నాకు ఒక్కటే తెలియాలె. మా బాపు మమ్మల్ని విడిచిపెట్టి ఆమె దగ్గరికి పోయిండా, లేకపోతే ఆయనకు ఏమన్న అయ్యిందా. పోయిండంటే నేను ఈ పెళ్ళి చేసుకోను. ఇప్పటికే రెండు సంబంధాలు ఉంగరాలు మార్చుకున్నంక వద్దన్న. అరవై దాటినంక గూడ ఒక మగమనిషి ఇల్లు విడిచి పోతడంటే ఆకాష్‌ను నేను ఎట్ల నమ్మాలె?"

ఆకాష్ పెళ్ళికొడుకు. ఇల్లు హిమాయత్‌నగర్‌లో. పెళ్ళికి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

"మరి ఎవరినీ నమ్మవా నువ్వు?"

"మా తమ్ముణ్ణి. వాడొక్కడే నాకు ఇంతదాంక అబద్ధం చెప్పలేదు. సోమవారం పొద్దున్నే పోలీస్ కంప్లయింట్ ఇచ్చిండు. దవాఖానలు, మార్చురీలు అన్నీ వాడే తిరిగిండు. నువ్వు చూడలేవక్కా అని నన్ను రానియ్యలేదు."

కంప్లయింట్ కాగితం ఉందా అని అడిగాను. సుశాంత్ దగ్గరే ఉందంది. సరేనని లేచాను. ఆమెకు క్లాసు లేదు, ఇంటికి వెళ్ళిపోతానంది.

రెండో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ప్రతి ఆదివారం ఒకే చోట ఆటో ఎక్కే మనిషిని ఆటోవాళ్ళు మర్చిపోరు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండంతస్తుల పాత ఇల్లు, పై పోర్షన్. అక్కడికి చేరేసరికి పదకొండున్నర. మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, చేతిలో బ్రౌన్ కవరు. వరప్రసాద్.

ఇతను గన్‌ఫౌండ్రీలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకుని, నా క్లయింట్లలో సగంమందిని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆకాష్ తల్లిదండ్రుల తరఫున పనిచేస్తున్నాడు.

"లేటైంది రజనక్కా. నేనయితే రిపోర్ట్ గూడ రాసేసిన," అన్నాడు కవరు ఊపుతూ. "పెద్దమనిషి చిన్నింటామెను తీస్కొని జంప్. తాళం చూడు. సాయంత్రం ఐదింటికి మా పార్టీకి ఇచ్చేస్త. పెళ్ళి క్యాన్సిల్."

"తాళం చూసి రిపోర్ట్ రాస్తరా? నేను నీకు గిదే నేర్పిన్నా?"

"ఇంకేం చూడాలె?"

"తాళం లోపల ఏమున్నదో చూడాలె."

ఇంటి ఓనరు బాలకిషన్ కింద పోర్షన్‌లోనే ఉంటాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. తలుపు తీసి మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ముందు వరప్రసాద్‌కు చెప్పాడు. "మెట్ల మీద కూసోకు బిడ్డా, అవి తడిగున్నయి." తర్వాత తాళంచెవి తెచ్చాడు. పై పోర్షన్‌లో ఉండే నవత శుక్రవారమే వరంగల్ వెళ్ళిందట, అక్కకు ఆపరేషన్ అయితే చూసుకోవడానికి. నిన్న ఫోన్ చేసి సార్ ఫోను ఎత్తడం లేదని ఏడ్చిందట.

"ఏడుస్తది మరి. మొగుడు కాని మొగుణ్ణి పక్కన కూసోపెట్టుకొని ఏడుస్తది," అన్నాడు వరప్రసాద్. బాలకిషన్ అతనికేసి అసహ్యంగా చూసి తలుపు తెరిచాడు.

ముందు గదిలో ఒక మంచం, రెండు కుర్చీలు, బల్ల. బల్ల మీద సదాశివ చదువుకునే కళ్ళద్దాలు, బీపీ మాత్రల డబ్బా. డబ్బా మూత మీద ఆయన చేతిరాతతోనే "రెండు పూటలా" అని ఉంది. లేచిపోయే మనిషి కళ్ళద్దాలు మర్చిపోవచ్చు గానీ రెండు పూటల మందు మర్చిపోడు. వరప్రసాద్‌కు చూపించాను. కొత్తవి కొనుక్కుంటాడన్నాడు.

మంచం కింద అట్టపెట్టె, అందులో పాత పుస్తకాల మూట. దారం కోసి ఉంది. లెక్కపెట్టాను. తొమ్మిది.

"పుస్తకాలాయన ఫోన్ల చెప్పిండు. ఆఖరు మూటల పదిహేను," అన్నాను. "అది కొని మొన్నటి ఆదివారానికి ఐదు వారాలు. ఇంటికి ఐదు పుస్తకాలు పోయినయి. పదుండాలె. తొమ్మిదే ఉన్నయి. అంటే ఆదివారం గీడికొచ్చి, ఇంటికి తీస్కపోనీకె ఆరోది తీసిండు. ఇల్లు విడిచి పారిపోయేటోడు ఇంటికి పుస్తకం ఎందుకు తీస్తడు?"

వరప్రసాద్ కవరును చంకలో పెట్టుకున్నాడు.

వంటగట్టు మీద రెండు చాయ్ గ్లాసులు ఉన్నాయి. ఒకటి ఖాళీ. రెండోది అంచుదాకా నిండుగా ఉంది. పైన మీగడ అట్టకట్టి, బూజు పట్టింది. ఎవరో వచ్చారు. ఆయన చాయ్ పెట్టి ఇచ్చాడు. వచ్చిన మనిషి గ్లాసు పెదవికి కూడా తాకించలేదు. ఈ ఇంట్లో చాయ్ తాగడం ఇష్టంలేని మనిషి ఎవరు?

"ఆదివారం ఎవరొచ్చిన్రు?" అని బాలకిషన్‌ను అడిగాను.

"నేను చూడలేదమ్మా, పూజల కూసున్న. పదకొండు దాటినంక ఎవరో పైకి పోయిన్రు. పన్నెండు వార్తలు అయినంక, పదో పదిహేనో నిమిషాలకు, ఇద్దరు దిగిన్రు. సార్ గొంతు ఇన్న. 'జర మెల్లగ నడువు బిడ్డా' అన్నడు. రెండో మనిషి మాట్లాడలే."

వరప్రసాద్ మొహం వెలిగింది. "బిడ్డా అన్నడు. ఇన్నవా రజనక్కా? బిడ్డంటే కూతురు. మీ క్లయింటే వచ్చింది. వచ్చి, కొట్లాడి, తీస్కపోయి ఏం చేసిందో, మళ్ళ నీ దగ్గరికే వచ్చి ఏడుస్తున్నది. రిపోర్ట్ మారుస్త. ఇంకా మంచి రిపోర్ట్ అయితది."

"ఒక మాట చెప్పు. గీ అడ్రస్ నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"నెల."

"ఎవరెవరికి చెప్పినవ్?"

"గది నా బిజినెస్," అంటూ కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. అతను అబద్ధం చెప్పినప్పుడు అలాగే చేస్తాడని నాకు తెలుసు. అది కూడా నా దగ్గరే ఉన్నప్పుడు పట్టుకున్నాను.

ఆటోలో వస్తుంటే నాకు ఒళ్ళు మండింది. వరప్రసాద్ మీద కాదు. రెండు వారాల కింద జాకెట్ తెచ్చుకుందామని ఆదివారం పూట అదే గల్లీకి నేనూ వెళ్ళాను. టైలర్లంతా షట్టర్లు దించేసి ఉన్నారు. ఆదివారం ఆ గల్లీకి సెలవు. సంహిత నా మొహం మీదే అబద్ధం చెప్పింది, నేను తల ఊపుతూ రాసుకున్నాను.

బొగ్గులకుంటలో వాళ్ళిల్లు చేరేసరికి ఒంటిగంటా నలభై. సంహితే తలుపు తీసింది. లోపలికి వెళ్ళకుండా వరండాలోనే నిలబెట్టాను.

"టైలర్ పేరు చెప్పు."

సంహిత వెనక తలుపు దగ్గరికి లాగింది.

"మీ నాయన నాంపల్లిల మెట్లు దిగుతూ 'బిడ్డా' అని పిలిచిండు. ఇంటి ఓనరు చెవులార ఇన్నడు. పన్నెండూ పదికి. ఇప్పుడు చెప్పు, నువ్వు యాడున్నవ్?"

ఆమె తన ఫోను తీసి, ఫోటోలు తెరిచి నా చేతిలో పెట్టింది. అన్నీ ఒకే గేటు ఫోటోలు. ఇరవై మూడున్నాయి. మొదటిది పదీ పన్నెండుకు, ఆఖరుది పన్నెండూ ముప్పై ఐదుకు. గేటు మీద ఆకాష్ వాళ్ళింటి పేరు కనబడుతోంది.

"ఎదురుంగ ఆటోల కూసున్న," అంది నేల చూస్తూ. "ఆదివారం నాడు ఆకాష్ ఎటు పోతడో చూద్దామని. నాలుగు వారాల సంది గిదే చేస్తున్న. యాటికీ పోడు మేడం. కూరగాయలు తెస్తడు, వాళ్ళ నాయనమ్మను ఎండల కూసోపెడతడు. అయినా మళ్ళ ఆదివారం పోత. ఈ సంగతి మీకు చెప్పాలంటే సిగ్గైంది. పిచ్చిదాన్ననుకుంటరు."

అనుకోలేదు. ముప్పై రెండేళ్ళ చదువుకున్న పిల్ల, తండ్రి చేసినదానికి ఇంకొకరి గేటు ముందు కాపలా కాస్తోంది. ఆమె మీద అరిచినందుకు నాకు సిగ్గనిపించింది. అదే సమయంలో చాయ్ గ్లాసు గుర్తొచ్చింది. ఈమె కాకపోతే మరి బిడ్డ ఎవరు?

లోపలినుంచి అనసూయ వచ్చింది. సంహిత తల్లి. యాభై ఏడేళ్ళుంటాయి, పెద్ద బొట్టు, నిద్రలేని కళ్ళు. నన్ను కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ గూట్లో కుంకుమ భరిణె అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా మతి మండ. మైలల ఉన్నం చెల్లె, బొట్టు పెట్టొద్దు. నీళ్ళు గూడ ఇయ్యలేకపోతున్న, ఏమనుకోకు."

"పోయినాయన బాగ దగ్గరోళ్ళా అక్కా?"

"యాడి దగ్గర. మా ఆయనకు ఏడు తరాల అవుతలి పాలోడు, సాయన్న బావ. భువనగిరి దిక్కు ఊరు. మా ఆయన గిట్ల కనబడకుండ పోయె, దీపం ముట్టిచ్చి దేవుణ్ణి మొక్కుదామంటె, సోమవారం పొద్దున్నే సుశాంత్ అగ్గిపెట్టె గుంజుకున్నడు. ఫోనొచ్చిందమ్మా, మైల, దీపం పెట్టొద్దు అన్నడు. గంత దూరపోళ్ళకు మూడు దినాలు చాలు. వాడేమో పదకొండు దినాలు అంటుండు."

"సుశాంత్‌కు గివన్నీ పట్టింపా?"

"ఎన్నడన్న పట్టిండా? మా మామ, వాడి సొంత తాత పోయినప్పుడు గూడ రెండో దినమే గడ్డం గీస్కొని బ్యాంకుకు పోయిండు. ఇప్పుడు సూడు. లీవు పెట్టిండు, గడ్డం ముట్టడు, ఒక్క పూటే తింటడు, మంచం విడిచి చాప మీద పడుకుంటుండు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పాలోడు పోతే ఎవరన్న గట్ల పడ్తరా చెల్లె? కన్నతండ్రి పోయినట్టు పడుతుండు."

ఆ మాట అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. తనేమన్నదో ఆమెకు తెలియదు. నేను మాత్రం కుర్చీలోనే ఉండిపోయాను. పొద్దున నేను తిన్న లడ్డూ గుర్తొచ్చింది. మెట్ల మీద వరప్రసాద్‌ను పట్టుకుని బాలకిషన్ "కూసోకు బిడ్డా" అనడం గుర్తొచ్చింది. మనవైపు పెద్దవాళ్ళు కూతుర్నీ బిడ్డా అంటారు, కొడుకునూ బిడ్డా అంటారు. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే, నేను పట్టుకోలేకపోయాను.

ఫోను పక్కన పాత డైరీ ఉంది. అందులో ఊరి నంబర్లు. సాయన్న పేరు దొరికింది. డైరీతో వరండాలోకి వచ్చి చేశాను. సంహిత నా వెనకే వచ్చింది. ఆరుసార్లు మోగాక ఒక ముసలి గొంతు ఎత్తింది.

"సాయన్న గారిల్లేనా?" అన్నాను.

"సాయన్ననే మాట్లాడుతున్న. చెప్పుండ్రి."

"మీరు... మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్న తల్లీ. మోకాళ్ళ నొప్పులు, గంతే. గొర్లు తోలుకొని పోతున్న. ఎవరు మీరు?"

"మీ పాలోళ్ళల్ల ఈ మధ్యల ఎవరన్న పోయిన్రా?"

"రెండేండ్ల సంది ఎవరూ పోలే. ఎందుకమ్మా?"

రాంగ్ నంబరని చెప్పి పెట్టేశాను. సంహిత అంతా విన్నది. ఏదో అడగబోతే చేత్తో ఆపి, సుశాంత్ గది తలుపు తోశాను. ఆమెను రావద్దనాలని అప్పుడు తోచలేదు.

సుశాంత్ గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, నాలుగు రోజుల గడ్డం. చాప పక్కన నేల మీద ఫోను, దాని పక్కన ఒక దిండు. నన్ను చూసి లేవబోయాడు.

"కూసో. సాయన్నతోని మాట్లాడిన," అన్నాను. "మంచిగున్నడు. గొర్లు తోలుకొని పోతున్నడు. కంప్లయింట్ కాగితం అడుగుదామని వచ్చిన. వద్దులే, అది లేదని నాకు తెలుసు. ఒక్కటి చెప్పు. ఈ ఇంట్ల మైల ఎవరిది?"

అతను దిండు మీద చెయ్యి పెట్టాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడుతోంది.

"అడ్రస్ ఎవరిచ్చిన్రు? వరప్రసాదా?" అన్నాను.

తల ఊపాడు. "పెళ్ళికొడుకు వాళ్ళకు చెప్పే ముందు మీకు చెప్తున్న అన్నడు. అక్క పెళ్ళి అయ్యేదాంకన్న గాడికి పోవద్దని అడుగుదామని ఆదివారం పోయిన. చాయ్ పెట్టిచ్చిండు మేడం. గా ఇంట్ల, గా గ్లాసుల. నాకు యాడలేని కోపమొచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టిన. ఆయన ఒక్క మాట అనలే. అంతా ఇని, చాతీల నొప్పి లేస్తున్నది, దవాఖానకు తీస్కపో బిడ్డా అన్నడు."

"తీస్కపోలేదు."

"నమ్మలేదు. పద్నాలుగేండ్లు ప్రతి ఆదివారం అబద్ధం చెప్పిన మనిషి. నేను తిట్టంగనే నొప్పి అంటే గిది గూడ గట్లనే అనుకున్న. నాటకాలు చాలు, నడువు అన్న. మెల్లగ నడువమన్నడు, నేను మెల్లగ నడువలే. స్టేషన్ ముంగట బెంచీ మీద కూసున్నడు. నేను రోడ్డు దాటి అవుతల నిలబడ్డ. లేస్తడు, ఆటో ఎక్కుతడు, మళ్ళ గా ఇంటికే పోతడు, చూద్దాం అనుకున్న. ఇరవై నిమిషాలు చూసిన. లేవలే. దగ్గరికొచ్చి చూస్తే ఊపిరి ఆడుతలేదు."

"ఫోను, పర్సు నువ్వే తీసినవ్."

"పేరు తెలిస్తే ఏ ఇంటికాడి నుంచి దిగి చచ్చిపోయిండో గూడ తెలుస్తది. అక్క పెళ్ళి ఆగిపోతది. మందిల నుంచి ఎవరో అంబులెన్స్ పిలిచిన్రు. నేను వచ్చేసిన."

నాకు అతన్ని కొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు.

"ఇంత దాచినోడివి మైల ఎందుకు పట్టినవ్? నువ్వు చెప్పకపోతే ఎవరికీ అనుమానమే రాకపోతుండె."

"అమ్మ దీపం ముట్టియ్యబోయింది మేడం. ఆయన క్షేమంగ రావాలె అని. బాపు గాడ పేరు లేకుండ పడి ఉంటె, ఇంట్ల దీపం పెట్టుడు... నా చేతకాలే."

బాపు అన్నాడు. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ మాట అన్నానని అతనికే తెలియలేదు. నా వెనక తలుపు దగ్గర సంహిత ఊపిరి పీల్చుకోవడం వినబడింది. అప్పుడు సుశాంత్ తలెత్తి ఆమెను చూశాడు.

"అక్కా, బాపు ఇల్లు విడిచి పోలేదు. ఇంటికే వస్తుండె."

దిండు కిందనుంచి ఒక పుస్తకం తీశాడు. పక్షుల గురించిన పాత ఇంగ్లీషు పుస్తకం, అట్ట మూలలు చిరిగినది. పెట్టెలో తక్కువైన పదో పుస్తకం. సంహిత వచ్చి అతని చేతిలోంచి తీసుకుంది. షెల్ఫులో పెట్టడానికి కదలలేదు. అక్కడే నిలబడి, మొదటి పేజీ తెరిచింది.

"సోమవారం నుంచి నువ్వు మార్చురీలన్నీ తిరిగినవ్ గద సుశాంత్," అంది. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "రోజూ వచ్చి, దొరకలేదక్కా అని నా ముఖం చూసి చెప్పినవ్ గద."

ఆమె నమ్మిన ఒక్క మనిషి తల దించుకుని చాప పుల్లలు పీకుతున్నాడు.

నేల మీద అతని ఫోను మోగింది. నేనే ఎత్తి స్పీకర్ నొక్కాను. అవతల మార్చురీ మనిషి, తొందరలో ఉన్నాడు. "అన్నా, రోజు ఫోన్ చేసి అడుగుతున్నవ్ గద, నాంపల్లి స్టేషన్ బెంచీ బాడీ గురించి. మూడు దినాలు అయిపోయినయి, ఎవరూ రాలే. మూడింటికి బండి వస్తది, దిక్కులేనోళ్ళతోని కలిపి తీస్కపోతరు. మీకు తెలిసినాయనైతే జల్ది రాండ్రి. ఒకసారి పోతె మళ్ళ ఏ గుంతల పెట్టిన్రో గూడ చెప్పలేం."

గోడ మీద గడియారం రెండూ పది చూపిస్తోంది. సుశాంత్ లేచి నిలబడ్డాడు గానీ, అడుగు వెయ్యలేదు. వెళ్ళి ఇతను మా నాన్న అంటే వరప్రసాద్ పెళ్ళికొడుకు వాళ్ళకు ఏం చెబుతాడో అతనికి తెలుసు, నాకూ తెలుసు. సంహితకూ తెలుసు. ఆమె పుస్తకాన్ని మూసి చంకలో పెట్టుకుంది.

"మేడం, ఆటో పిలువుండ్రి," అంది. "సుశాంత్, చెప్పులేస్కో."

ముగ్గురం ముందు గదిలోకి వచ్చేసరికి అనసూయ వంటింటి గడపలో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. నుదుటి మీద బొట్టు చెమటకు కొంచెం కరిగింది. నా చేతిలో డైరీ చూసింది.

"ఊరికి ఫోన్ చేసినవా చెల్లె?" అని అడిగింది. "సాయన్న బావ దినాలు ఎప్పుడంట?"

ముగ్గురిలో ఎవరం ఆమె మొహం చూడలేకపోయాం.